గుమ్మానికి పర్దా ఉంది, వైఫై డబ్బాకి తాళం లేదు

అది 2018 ఎండాకాలం. హైదరాబాద్‌లో మా పేపర్ ఆఫీసులో డెస్క్ దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం మూడు దాటింది, పేజీల పని ఇంకా మొదలవలేదు. రియాద్ నుంచి మా ఛోటే ఫోన్ చేశాడు. "బాజీ, నిజామాబాద్ ఇంట్లో కెమెరాలు పెట్టించిన. నువ్వు కూడా చూడొచ్చు, అడ్రస్ పంపుతున్న" అన్నాడు. గొంతులో ఖుషీ. కాసేపటికి వాట్సాప్‌లో చుక్కలు పెట్టి విడదీసిన నాలుగు నంబర్లు వచ్చాయి. పాస్‌వర్డ్ పంపడం మర్చిపోయాడు.

ఆఫీసు కంప్యూటర్‌లో ఆ అడ్రస్ కొట్టాను. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగింది. మా ఆఫీసులో సిస్టమ్స్ చూసే అబ్బాయి ఎవరిదో కీబోర్డ్ మారుస్తూ పక్కనే ఉన్నాడు. "అడ్మిన్ అని కొట్టి, ఒకటి నుంచి ఐదు దాకా కొట్టి చూడండి మేడమ్" అన్నాడు సరదాగా. కొట్టాను. తెరుచుకుంది.

మా సహన్. మూలన జామచెట్టు, నీళ్ల హౌజ్, తీగ మీద ఆరేసిన బట్టలు. చార్‌పాయీ మీద మా దుల్హన్ కూర్చుని ఉంది. ఛోటే బీవీ. ఇద్దరు పిల్లల తల్లయినా మా ఇంట్లో ఆమె ఇప్పటికీ దుల్హనే. తలస్నానం చేసి, నెత్తిన దుపట్టా లేకుండా జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఆ అబ్బాయి మంచివాడు, ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నేను గబగబా మూసేశాను. చేతులు చల్లబడిపోయాయి.

మా ఇంటి గుమ్మానికి అబ్బా కాలం నుంచీ మందపాటి పర్దా వేలాడుతుంది. పాలవాడొచ్చినా బయటి నుంచే కేక వేస్తాడు. గల్లీలో పోయేవాడి నజర్ సహన్ మీద పడకూడదని అబ్బా ప్రహరీ గోడ రెండడుగులు లేపించారు. అలాంటి ఇంట్లోకి నేను ఇంకో జిల్లాలో కూర్చుని, నాలుగు మీటలు నొక్కి దూరిపోయాను. నాతోపాటు ఒక పరాయి మగాడు. నాకంటే ముందు ఇంకెవరెవరు దూరారో అల్లాకే తెలుసు.

జరిగింది ఇదీ. కెమెరాలు బిగించిన దుకాణంవాడు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ని అలాగే వదిలేశాడు. మారిస్తే రేపు ఖాతాదారు మర్చిపోతాడు, మళ్లీ తననే పిలుస్తాడు, వాడికి అదో తలనొప్పి. రియాద్ నుంచి కనపడాలి కాబట్టి రౌటర్‌లో ఒక పోర్ట్ తెరిచిపెట్టాడు. మామూలుగా మన ఊళ్లలో కేబుల్ కనెక్షన్లు చాలావాటికి బయటికి సొంత అడ్రస్ ఉండదు. ఎన్నో ఇళ్లు ఒకే అడ్రస్ వెనక ఉంటాయి, కాబట్టి బయటివాడు నేరుగా వచ్చి మన తలుపు కొట్టడం కష్టం. మా ఛోటే మాత్రం నెలకి కొంత ఎక్కువ కట్టి స్టాటిక్ ఐపీ అనే సొంత అడ్రస్ తీసుకున్నాడు. పైసలిచ్చి మరీ ఇంటి గోడకి కంత పెట్టించుకున్నట్టు.

"మన ఇంటిని ఎవడు చూస్తడు బాజీ, మనమేమన్న నవాబులమా?" అని ఆ రాత్రి ఛోటే వాదించాడు. ఇదే మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. ఎవడో పనిగట్టుకుని మన పేరు రాసుకుని రాడు, నిజమే. కాని ఈ దొంగతనం మనిషి చేసేది కాదు, మెషీన్ చేసేది. 2016లో మిరాయి అని ఒక ప్రోగ్రాం వచ్చింది. దాని దగ్గర ఉన్నదల్లా అరవై చిల్లర పేరు-పాస్‌వర్డ్ జతల చిట్టా. అడ్మిన్-అడ్మిన్, రూట్-12345 లాంటివి. ఆ చిట్టా పట్టుకుని ఇంటర్నెట్‌లో అడ్రస్ తర్వాత అడ్రస్ తట్టుకుంటూ పోయింది. తెరుచుకున్న ప్రతి కెమెరానీ, ప్రతి రౌటర్‌నీ తన ఫౌజ్‌లో కలుపుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి ఫౌజ్ డిన్ అనే కంపెనీ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. మిరాయిని రాసింది ఏ గూఢచారులో కాదు, ముగ్గురు అమెరికా కుర్రాళ్లు. 2017లో కోర్టులో ఒప్పుకున్నారు. ఆ ఫౌజ్‌లో సిపాయిలుగా పనిచేసినవి మనలాంటి ఇళ్ల గోడలకి వేలాడే డబ్బాలే. నవాబు ఇల్లా, నౌకర్ ఇల్లా అని అది అడగలేదు.

ఆ వారాంతం నిజామాబాద్ వెళ్లాను. అక్కడ నన్ను ఎక్కువగా కుదిపింది పాస్‌వర్డ్ సంగతి కాదు. ఇంట్లో పొద్దంతా ఉండేది అమ్మీ, దుల్హన్, పిల్లలు. ఆ డబ్బా గురించి వాళ్లకి ఒక్క ముక్క తెలియదు. లైట్లు ఆగిపోతే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేయాలి, అంతే. వైఫైకి ఉన్న పేరు కేబుల్ ఆఫీసు పేరు. పాస్‌వర్డ్, ఆ అబ్బాయి ఫోన్ నంబరే. మొహల్లాలో ఎన్ని ఇళ్లకి అదే పాస్‌వర్డ్ పెట్టాడో అని నాకు అనుమానం వచ్చింది. పక్కింట్లో కొట్టి చూశాం. తెరుచుకుంది. వాళ్ల పక్కింట్లోనూ తెరుచుకుంది. ఇక చూడటం మానేశాం.

మా అమ్మీ నడుముకి చాబీల గుత్తి ఉంటుంది. అల్మారీది, బియ్యం కొట్టుది, జహేజ్ పెట్టెది, మేడ మీద గదిది. అబ్బా బతికి ఉన్నప్పుడు కూడా చాబీ కావాలంటే అమ్మీనే అడిగేవారు. ఇంట్లోకి ఏది వచ్చినా, ఇంట్లోంచి ఏది పోయినా ఆ గుత్తికి తెలియకుండా జరగదు. ఒక్క ఈ డబ్బా చాబీ మాత్రం కేబుల్ అబ్బాయి దగ్గర ఒకటి, కెమెరా దుకాణంలో ఒకటి, రియాద్‌లో ఒకటి. ఇంట్లో ఒక్కటీ లేదు.

నా రాయ్ ఇదే, ఈ ఏడెనిమిదేళ్లలో మారలేదు కూడా. ఇంటి నెట్‌వర్క్ చాబీ ఇంట్లో ఉండేవాళ్ల దగ్గర ఉండాలి. మన ఇళ్లలో ఉండేది ఎక్కువగా ఆడవాళ్లు. కాబట్టి ఆ గుత్తిలో ఈ చాబీ కూడా వాళ్ల నడుముకే చేరాలి. "అది మర్దోంకా కామ్" అంటారు. మగవాళ్లు దుబాయిలో, దమ్మాంలో, హైదరాబాద్‌లో ఉంటే ఇక్కడ ఆ కామ్ ఎవరు చేస్తున్నట్టు? ఎవరూ చేయట్లేదు. అదే జవాబు.

మగ్రిబ్ తర్వాత దుల్హన్‌తో కూర్చున్నాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన పిల్ల, షాదీతో చదువు ఆగిపోయింది. డబ్బాని తలకిందులు చేసి వెనక స్టిక్కర్ చూపించాను. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టించాను. (కొన్ని డబ్బాలకి 192.168.0.1 ఉంటుంది, స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది.) ఇక్కడ రెండు తాళాలు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. ఒకటి వైఫై పాస్‌వర్డ్, అది ఇంట్లోకి రావడానికి. ఇంకోటి డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్, అది ఇంటి తాళాలనే మార్చడానికి. మనం మొదటిదాన్నే పాస్‌వర్డ్ అనుకుంటాం. రెండోది అడ్మిన్-అడ్మిన్‌గా పడి ఉంటుంది. ముందు మార్చాల్సింది దాన్ని.

కొత్త పాస్‌వర్డ్ ఏం పెడదాం అంటే దుల్హన్ ఆలోచించకుండానే "బిస్మిల్లా786" అంది. నేను పగలబడి నవ్వాను. అస్తగ్‌ఫిరుల్లా, నవ్వింది బిస్మిల్లా మీద కాదు. మా ఆఫీసులో నా మెయిల్‌కి అంతకు ముందు వారం దాకా ఉన్నది దాదాపు అదే. ఆపాలూ, భాయ్‌లూ, మనలో ఎంతమంది పాస్‌వర్డ్ చివర 786 ఉందో ఒకసారి గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. బరకత్ కోసం లారీ మీద రాసుకోండి, దుకాణం మీద రాసుకోండి. తాళానికి మాత్రం వద్దు, మన పేర్లు తెలిసినవాడు మొదట కొట్టి చూసేది అదే. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోండి. ఖట్టీదాల్, గాలిపటం, మౌసమీ, తాలాబ్ లాంటివి. (ఇవి మాత్రం పెట్టకండి, ఇప్పుడు ఇక్కడ అందరూ చదివేశారు.) మనకి రెండు భాషలు, రెండున్నర యాసలు ఉన్నాయి. ఉర్దూ, తెలుగు కలిపిన ఖిచిడీ పాస్‌వర్డ్‌ని ఊహించడం అంత ఆసాన్ కాదు.

తర్వాత మిగతావి త్వరగానే అయ్యాయి. భద్రత రకం డబ్ల్యూపీఏ2 పెట్టాం. ఇప్పటి డబ్బాల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది ఇంకా మంచిది. డబ్ల్యూపీఎస్ అని మీట నొక్కితే కలిసిపోయే సదుపాయం ఒకటి ఉంటుంది, అది ఆపేశాం. దాని పిన్ చూడటానికి ఎనిమిది అంకెలే గాని, పదకొండు వేలసార్లు లోపలే కొట్టి కనిపెట్టొచ్చని 2011లోనే తేలింది. యూపీఎన్‌పీ ఆపేశాం, ఎందుకంటే అది ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా మనల్ని అడక్కుండా గోడకి కంత పెట్టగలదు. బయటి నుంచి డబ్బాని నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేశాం. కెమెరా దుకాణంవాడు తెరిచిన పోర్ట్ మూసేశాం. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వేశాం. కొన్ని కంపెనీల డబ్బాల్లో ఈ సెట్టింగులు మన చేతికి ఇవ్వరు. అప్పుడు వాళ్లని అడిగి చేయించుకోవాలి, లేదా వాళ్ల డబ్బా వెనక మన సొంత రౌటర్ ఒకటి పెట్టుకోవాలి. అప్‌డేట్లు రావడం ఆగిపోయిన పాత రౌటర్‌ని మాత్రం మోహమాటం లేకుండా మార్చేయండి.

అన్నిటికంటే దుల్హన్‌కి నచ్చింది, కలిసి ఉన్న పరికరాల చిట్టా. మా ఇంట్లో ఫోన్లు, టీవీ, కెమెరా డబ్బా కలిపి ఏడు. చిట్టాలో పంతొమ్మిది ఉన్నాయి. మిగతా పన్నెండు ఎవరివని చూస్తుంటే అమ్మీ తస్బీ తిప్పుతూ అక్కడి నుంచే అంది. "కైకూ పరేషాన్ హోరే? రజియా బీ పిల్లలు, కుట్టు మాస్టరు, ఎదురింటి నర్సమ్మ కొడుకు. నేనే ఇచ్చిన."

ఇక్కడ ఆగాలి. మన తహ్‌జీబ్‌లో సాలన్ వండితే ఒక గిన్నె హమ్‌సాయా ఇంటికి పోతుంది. వాసన వాళ్ల దాకా పోయింది కాబట్టి వాళ్లకి హక్ ఉన్నట్టే. అమ్మీకి వైఫై కూడా సాలనే. "పానీ మాంగే తో నై బోల్తే క్యా?" అని నన్నే అడిగింది. 2020 లాక్‌డౌన్‌లో మా అమ్మీ ఇచ్చిన వైఫై మీద గల్లీలో ఎంతమంది పిల్లలు ఆన్‌లైన్ క్లాసులు విన్నారో తలుచుకుంటే ఆమె కంటే నేను గొప్పదాన్నని చెప్పలేను. అయినా ఆ రోజు అమ్మీకి ఒక కిస్సా చెప్పాను.

2008 జూలై 26. అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు. పేలుళ్లకి కొన్ని నిమిషాల ముందు మీడియాకి ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందని పోలీసులు వెదికితే నవీ ముంబైలో ఒక అమెరికన్ ఫ్లాట్‌కి చేరారు. అతని కంప్యూటర్లు పట్టుకెళ్లారు, అతన్ని ప్రశ్నించారు. తేలిందేమిటంటే అతని వైఫైకి సరైన భద్రత లేదు, ఎవరో బయటి నుంచి దాన్ని వాడుకున్నారు. అతను బయటపడ్డాడు.

ఆ ఫ్లాట్‌లో అమెరికన్ కాకుండా మన పేరున్నవాడు ఉంటే? ఇది నేను కల్పించుకున్న భయం కాదు. అంతకు ఏడాది ముందు, 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పదుల సంఖ్యలో మన కుర్రాళ్లని పట్టుకెళ్లారు. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు, అప్పటి ప్రభుత్వం నష్టపరిహారం కూడా ప్రకటించింది. పోయిన చదువులు, తెగిపోయిన నిస్బత్‌లు నష్టపరిహారంతో తిరిగి రాలేదు. ఆ కేసుకి వైఫైతో సంబంధం లేదు. కాని మన ఇంటి అడ్రస్ నుంచి ఎవడో ఏదో పంపితే, మొదట తలుపు కొట్టేది మన తలుపే. వాడు ఎవడో తేలేదాకా జవాబు చెప్పాల్సింది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు. మా ఇంటి కనెక్షన్ అమ్మీ పేరు మీద ఉంది.

అమ్మీ తస్బీ తిప్పడం ఆపింది. "అయితే పిల్లలకి బంద్ చేస్తవా?" అంది. బంద్ చేయలేదు. పాతకాలపు హవేలీలు ఎలా కట్టారు? బయటివాళ్లకి దీవాన్‌ఖానా, లోపల జనానా. మేహమాన్ వస్తే దీవాన్‌ఖానాలో కూర్చోబెట్టి చాయ్ ఇస్తాం, అల్మారీ ఉన్న గదిలోకి తీసుకుపోం. ఇప్పటి రౌటర్లలో చాలావాటికి గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది, అదే దీవాన్‌ఖానా. పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు. అందులో కలిసినవాళ్లకి ఇంటర్నెట్ వస్తుంది, మన ఫోన్లు, కెమెరాలు, కంప్యూటర్లు కనపడవు. గల్లీ పిల్లలందరినీ అందులోకి మార్చాం. వాళ్లకి తేడా కూడా తెలియలేదు. అయితే గెస్ట్ నెట్‌వర్క్ నుంచి పోయినదానికి కూడా బయట కనపడే అడ్రస్ మనదే. అందుకే దుల్హన్ ఆ పాస్‌వర్డ్ నెలకొకసారి మార్చి, చిట్టీల మీద రాసి, ఎవరెవరికి ఇచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది. రాత్రి పదకొండు తర్వాత ఆపేస్తుంది. పిల్లలు వాడేది కాబట్టి అసభ్యమైన సైట్లు రాకుండా డీఎన్ఎస్‌ని తర్వాతి రోజుల్లో 1.1.1.3కి మార్చాం. ఇది డబ్బాలోనే ఒకసారి పెడితే అందులో కలిసిన ఫోన్లన్నిటికీ పనిచేస్తుంది. పదహారేళ్ల పోరడికి దీన్ని దాటే దారి దొరక్కపోదు, అది వేరే సంగతి.

ఇక కెమెరా. పాస్‌వర్డ్ మార్చాం, పోర్ట్ మూశాం కదా, భద్రం అయిపోయిందని నేను దుల్హన్‌కి చెప్పాను. ఆమె రొట్టెలకి పిండి కలుపుతోంది. తల ఎత్తకుండా అంది. "బయటివాళ్లు చూశారో లేదో నాకు తెలియదు బాజీ. ఆయన మాత్రం రోజూ చూసేవారు. మధ్యాహ్నం ఎవరితో మాట్లాడినవని రాత్రి అడిగేవారు."

నా దగ్గర జవాబు లేకపోయింది. నేను దొంగల నుంచి ఇంటిని కాపాడుతున్నాననుకున్నాను. ఆ సహన్‌లో ఆమె దుపట్టా తీసి కూర్చోగలిగిన ఒక్క చోటు కూడా పోయిందని నాకు తట్టలేదు. మా ఛోటే చెడ్డవాడు కాదు. పరాయి దేశంలో ఎనిమిది మంది ఉండే గదిలో తన్‌హాయీతో, ఇంటి మీద దిగులుతో చూసేవాడేమో. కాని చూడబడేవాళ్లని ఎవరైనా ఇజాజత్ అడిగారా? హిఫాజత్ అనే మాట వెనక నిఘా ఎంత సులువుగా దూరుతుందో మన ఇళ్లలో ఆడవాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చాబీ ఆడవాళ్ల దగ్గర ఉండాలని నేను అనడానికి రెండో సబబ్ ఇది. మొదటిదానికంటే పెద్దది కూడా. చాబీ ఎవరి దగ్గర ఉంటే, ఏ కెమెరా ఎటు చూడాలో నిర్ణయించేది వాళ్లే.

మన ఆడపిల్లల తస్వీర్‌ల గురించి భయం ఊరికే రాలేదు. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న ఇంకోసారి, చదువుకున్న, మాట్లాడే ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి వేలం అని ఆప్‌లు తయారుచేశారు. వాటిలో నా వృత్తివాళ్లూ ఉన్నారు. ఆ ఫోటోలు ఎవరి రౌటర్ నుంచీ పోలేదు, వాళ్లు బాహాటంగా పెట్టుకున్న సోషల్ మీడియా ఖాతాల నుంచి తీశారు. దానికి జవాబు ఆడపిల్లలు ఫోటోలు పెట్టకపోవడం అని నేను అనను. ఇంట్లో ఉన్నవి మాత్రం ఇంట్లోనే ఉండేలా చూసుకోవడం మన చేతిలో ఉంది, అంత వరకే నేనంటున్నది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. దుల్హన్‌కి ఇన్ని నసీహత్‌లు చేసిన నేను, నా చేతిలో పెట్టిన అమానత్‌ని పోగొట్టాను.

మా అబ్బా ఉర్దూ మీడియం స్కూల్లో టీచర్. ముప్పై ఏళ్లు బయాజ్‌లు రాశారు. పదకొండు నోట్ పుస్తకాలు. సొంత షేర్లు, దోస్తుల షేర్లు, మధ్యలో కిరాణా లెక్కలు, మా పుట్టిన తేదీలు. ఆయన పోయాక నేను అన్నీ స్కాన్ చేశాను. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఒక పాత డెస్క్‌టాప్‌కి డెబియన్ ఎక్కించి ఇంటి సర్వర్ చేశాను. షాదీ వీడియోలు, అమ్మీ గొంతులో పాత లోరీలు, అన్నీ అందులోనే. రెండు డిస్కులు పెట్టి, ఒకదానిలో రాసింది రెండోదానిలో తనంతట తానే పడేలా చేశాను. "ఇక ఫికర్ లేదు అమ్మీ, కంప్యూటర్‌లో భద్రం" అన్నాను. ఆ భరోసాతో అమ్మీ పుస్తకాలని మేడ మీద గదిలో ట్రంకులో పెట్టించింది.

2021లో మా అబ్బాయి సినిమాల కోసం చోటు చేస్తూ ఒక ఫోల్డర్ మొత్తం తీసేశాడు. రెండు డిస్కులూ అద్దంలాంటివి కదా, ఒకదానిలో పోయింది రెండోదానిలో ఆ క్షణమే పోయింది. రెండు డిస్కులు ఉండటం వేరు, బ్యాకప్ ఉండటం వేరు అని పుస్తకాల్లో చదివి కూడా నేను బద్ధకించాను. రికవరీ ప్రోగ్రాంలతో కొన్ని తిరిగొచ్చాయి, చాలావరకు సగం సగం పేజీలు. పోనీ పుస్తకాలున్నాయి కదా అని నిజామాబాద్ పరుగెత్తాను. ట్రంకు అడుగున చెదలు. మూడు బయాజ్‌లు మట్టిగా ఉన్నాయి. అమ్మీ ఒక్క మాట అనలేదు. ఆ మట్టిని దులపకుండా ట్రంకు మూత వేసింది.

ఆ తర్వాత సర్వర్ నిజామాబాద్‌కి మారింది. "మీకు డ్యూటీ ఉంటుంది బాజీ, నేను చూసుకుంటా" అంది దుల్హన్. చూసుకుంటోంది, నాకంటే మేలుగా. ఇప్పుడు ప్రతిదీ మూడు కాపీలు. ఒకటి సర్వర్‌లో. ఒకటి బయటి హార్డ్‌డిస్కులో, అది కాపీ అయ్యాక వైరు తీసి అమ్మీ అల్మారీలో పెట్టి తాళం వేస్తారు. వైరు తీసి ఉన్నదాన్ని ఏ వైరస్ ముట్టుకోలేదు, ఏ పిల్లాడూ చెరపలేడు. మూడోది ఛోటే రియాద్ తీసుకుపోయాడు, ఇల్లే కాలిపోయినా ఒకటి మిగలాలి కాబట్టి. నెలలో మొదటి జుమ్మా రోజు నమాజ్ అయ్యాక దుల్హన్ అప్‌డేట్లు చూస్తుంది, డిస్కులో ఎంత చోటు మిగిలిందో చూస్తుంది, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ చూస్తుంది. భద్రతా అప్‌డేట్లు తనంతట తానే వేసుకునే ఏర్పాటు డెబియన్‌లో ఉంది, అది పెట్టాం. అయినా ఒకసారి కంటితో చూడటం వేరు. చివరికి బ్యాకప్ డిస్క్ తెచ్చి, ఏదో ఒక ఫైల్ నిజంగా తెరిచి చూస్తుంది. తెరిచి చూడని బ్యాకప్ నా 'ఫికర్ లేదు' లాంటిదే. కరెంటు కోతలకి చిన్న యూపీఎస్ ఉంది.

ఛోటేకి రియాద్ నుంచి ఫైళ్లు కావాలని మొదట్లో ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ బయటికి తెరిచాను. మర్నాడు పొద్దున లాగ్ చూస్తే రూట్, అడ్మిన్, టెస్ట్ అంటూ వేల దస్తక్‌లు. ఒక్క రాత్రిలో. ఎవరికీ మన పేరు తెలియదు, అయినా తలుపు మోగుతూనే ఉంది. అప్పుడు పాస్‌వర్డ్‌తో లోపలికి రావడం పూర్తిగా ఆపి, కీ ఫైల్ ఉన్నవాళ్లకే దారి పెట్టాను. తర్వాత అది కూడా మూసి వైర్‌గార్డ్ పెట్టాం. దాని పద్ధతి నాకు ఇష్టం. తెలియనివాడు ఎంత తట్టినా లోపల మనిషి ఉన్నాడన్న చప్పుడే చేయదు.

ఇదంతా చదివి ప్రతి ఇంట్లో సర్వర్ పెట్టుకోవాలని అనుకోకండి. చాలా కుటుంబాలకి ఫోన్‌తో వచ్చే క్లౌడ్, దానికి రెండంచెల తాళం, ఒక బయటి హార్డ్‌డిస్కు చాలు. చూసుకోలేని సర్వర్ పెట్టుకోవడం అంటే, బక్రీద్‌కి ఆర్నెల్ల ముందే బక్రాని తెచ్చి మేత వేయకుండా కట్టేసినట్టు. నేను అదే చేశాను. కాని వైఫై డబ్బా అలా కాదు, అది వద్దనుకుంటే మానేసేది కాదు. అది ప్రతి ఇంట్లో ఇప్పటికే ఉంది. ఈ ఇత్వార్ గంట సేపు కూర్చుంటే ఆ చాబీ మీ చేతికి వస్తుంది. కొత్త పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. అల్మారీలో ఉన్న కాగితాన్ని రష్యాలో కూర్చున్న దొంగ చదవలేడు. ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి, మౌత్ ఎవరికీ చెప్పి రాదు.

పోయిన రంజాన్‌లో ఛోటే నాకు ఫోన్ చేశాడు. "బాజీ, గేటు కెమెరా ఒక్కటే వస్తుంది. సహన్‌ది ఎప్పుడు కలుపుతరు?" ఏడెనిమిదేళ్లుగా ఏడాదికొకసారి అడుగుతాడు. "నన్ను కాదు, దుల్హన్‌ని అడుగు, చాబీ ఆమె దగ్గర ఉంది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమెనే అడిగాడట. ఆమె కాదనలేదు, అవుననలేదు. ఇఫ్తార్‌కి పది నిమిషాల ముందు దుపట్టా సర్దుకుని, తనే వీడియో కాల్ చేసి, ఫోన్‌ని మెల్లగా తిప్పుతూ జామచెట్టుని, దస్తర్‌ఖాన్ పరుస్తున్న పిల్లల్ని, ఖర్జూరాలు లెక్కపెడుతున్న అమ్మీని చూపించింది. అజాన్ అయ్యేదాకా చూపించి, పెట్టేసింది.